1967 మస్టాంగ్: అసలు ఫాస్ట్‌బ్యాకేనా?

మీరు కొనాలనుకుంటున్న, కయోటీ ఇంజన్ (ఫోర్డ్ వారి ఈ కాలపు V8) వేసిన ఆ 1967 ఫోర్డ్ మస్టాంగ్ కారు అసలు ఫాస్ట్‌బ్యాకేనా (పైకప్పు వెనక దాకా వాలుగా దిగే రకం), కూపేకి (వెనక డిక్కీ విడిగా కనిపించే రకం) పైకప్పు మార్చారా అన్నది మీ సందేహం కదా. బానెట్ తెరిచి, డ్రైవర్ వైపు లోపలి రేకు మీద కొట్టిన నంబరు చదవండి. మూడు, నాలుగు స్థానాల్లో 02 ఉంటే ఫాస్ట్‌బ్యాక్. 01 అయితే కూపే. దానికి ఫాస్ట్‌బ్యాక్ ధర ఇవ్వకండి.

కయోటీ వెడల్పాటి ఇంజన్. చోటు కోసం సాధారణంగా షాక్ టవర్లు (ఇంజన్‌కి రెండు పక్కలా ముందు సస్పెన్షన్‌ను పట్టి ఉంచే రేకు గూళ్లు) కోస్తారు, అక్కడి వెల్డింగును టార్చి వేసి చూడండి.

నాకు అన్నిటికన్నా భయం తుప్పు. ముందు అద్దం కింద ఉన్న గాలి జాలీలో చెంబెడు నీళ్లు పోసి, డాష్‌బోర్డు కింది కార్పెట్ తడిమి చూడండి. చేతికి తడి తగిలిందా, జాలీ కింది రేకు తుప్పు తిన్నట్టే; పైన ఎంత మెరిసే రంగున్నా ఆశపడకండి. ఆ రేకు మార్చాలంటే ఫెండర్లు విప్పి, పాత వెల్డింగు చుక్కలను ఒక్కొక్కటిగా తొలచాలి. అమ్మేవారు నీళ్లు పోయనివ్వకపోతే బేరం వదిలేయండి.