టెక్ సందేహాలు: వర్డ్‌లో పెట్టిన బొమ్మ ప్రింట్‌లో ఎందుకు మసకబారుతోంది?

ప్రశ్న: నా ప్రాజెక్ట్ రిపోర్ట్ నిండా ఫ్లోచార్టులు, గ్రాఫులే. స్క్రీన్ మీద బాగానే కనిపిస్తున్నాయి. ప్రింట్ తీస్తే మాత్రం గీతలు మెట్లు మెట్లుగా, అక్షరాలు అలికినట్టుగా వస్తున్నాయి. ప్రింటర్ మార్చినా ఫలితం లేదు. వెక్టార్ బొమ్మలు వాడమని స్నేహితుడు అంటున్నాడు. అవేమిటి? వర్డ్‌లో ఎలా పెట్టాలి?

జవాబు: ఇందులో ప్రింటర్ తప్పేమీ లేదు. మీరు ఆ బొమ్మలను స్క్రీన్‌షాట్ తీసి పేస్ట్ చేసి ఉంటారు. స్క్రీన్‌షాట్ అంటే చుక్కల బొమ్మ, ఆ చుక్కలనే పిక్సెళ్లు అంటారు. ఒక చిన్న లెక్క చూడండి. 600 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మను కాగితం మీద 5 సెంటీమీటర్లలో సర్దితే అంగుళానికి 300కు పైగా చుక్కలు పడతాయి. అంత దగ్గర దగ్గరగా ఉంటే విడి చుక్క కంటికి ఆనదు. అదే బొమ్మను మూల పట్టుకుని 16 సెంటీమీటర్లకు లాగితే అంగుళానికి 95 చుక్కలే మిగులుతాయి. కొత్త చుక్కలు ఎక్కడి నుంచీ రావు, ఉన్నవే సాగుతాయి. స్క్రీన్‌కు అది చాలు కాబట్టి మీకు అనుమానం రాలేదు. 16 సెంటీమీటర్ల బొమ్మ కాగితం మీద పదునుగా రావాలంటే దాదాపు 1,900 పిక్సెళ్ల వెడల్పు ఉండాలి.

వెక్టార్ బొమ్మలో చుక్కలకు బదులు ఎలా గీయాలో చెప్పే సూచనలు ఉంటాయి. వెక్టార్ బొమ్మలను దాచే ఫార్మాట్లలో ఒకటి ఎస్‌వీజీ. ఏదైనా ఎస్‌వీజీ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఇది వృత్తం, దీని కేంద్రం ఇక్కడ, వ్యాసార్థం ఇంత, రంగు ఇది అని మామూలు అక్షరాల్లోనే రాసి ఉంటుంది. స్క్రీన్ అయినా ప్రింటర్ అయినా ఆ సూచన చదివి తన శక్తి కొద్దీ వృత్తాన్ని అప్పటికప్పుడు గీస్తుంది. తపాలా బిళ్లంత చేసినా గోడంత చేసినా అంచు చెదరదు. ఎస్‌వీజీ కొత్తదేమీ కాదు, వెబ్ ప్రమాణాలు తయారు చేసే సంస్థ డబ్ల్యూ3సీ దీన్ని 2001లోనే ప్రమాణంగా ప్రకటించింది. వర్డ్ ప్రాసెసర్లు దీన్ని అందిపుచ్చుకోవడానికే చాలా కాలం పట్టింది.

వర్డ్ 2019 గానీ ఆ తర్వాతిది గానీ, మైక్రోసాఫ్ట్ 365 గానీ ఉంటే ఫొటో పెట్టినట్టే 'ఇన్సర్ట్'లో 'పిక్చర్స్' నొక్కి ఎస్‌వీజీ ఫైల్ ఎంచుకోవచ్చు. లిబ్రెఆఫీస్ రైటర్‌లోనూ అంతే, 'ఇన్సర్ట్', 'ఇమేజ్'. ఫ్లోచార్ట్ గీసిన ప్రోగ్రామ్‌లోకి వెళ్లి, స్క్రీన్‌షాట్ తీయకుండా 'ఎక్స్‌పోర్ట్'లో ఎస్‌వీజీ ఉందేమో చూడండి. చాలావాటిలో ఉంటుంది.

ఎక్సెల్ గ్రాఫులకు అదీ అక్కర్లేదు. చార్ట్‌ను కాపీ చేసి వర్డ్‌లో చార్ట్‌గానే పేస్ట్ చేస్తే అది వెక్టారే. అంకెలు ఎవరూ మార్చకూడదనుకుంటే 'పేస్ట్ స్పెషల్'లో 'పిక్చర్ (ఎన్‌హాన్స్‌డ్ మెటాఫైల్)' ఎంచుకోండి. అప్పుడూ గీతలు గీతలుగానే ఉంటాయి. మామూలు 'పిక్చర్' ఎంచుకుంటే చుక్కల బొమ్మ అయిపోవచ్చు.

ఎవరి బొమ్మ మసకబారినా నేను మొదట అడిగేది ఒకటే. గీసిన చోటి నుంచి కాగితం దాకా వచ్చే దారిలో గీతలు చుక్కలుగా మారిపోయింది ఎక్కడ? ఒక్క చోట మారినా చాలు, ఆ తర్వాత ఎంత జాగ్రత్త పడినా పోయిన పదును తిరిగి రాదు. కింది ప్రశ్నల్లోనూ నేను వెతికింది ఆ చోటునే.

ప్రశ్న: ఎస్‌వీజీ బొమ్మలతో తయారు చేసిన ఫైల్‌ను మా గైడ్‌కు పంపాను. ఆయన దగ్గర పాత వర్డ్ ఉంది. బొమ్మలు కనిపిస్తున్నాయి కానీ మసగ్గా ఉన్నాయంటున్నారు. నా దగ్గర స్పష్టంగానే ఉన్నాయి. ఒకే ఫైల్ రెండు రకాలుగా ఎలా కనిపిస్తుంది?

జవాబు: మీ ఫైల్‌కు ఒక కాపీ తీసుకుని, దాని పేరు చివర ఉన్న డాక్స్ (.docx) ఎక్స్‌టెన్షన్‌ను జిప్ (.zip) అని మార్చి తెరవండి. వర్డ్ ఫైల్ అంటే నిజానికి ఒక జిప్ మూటే. లోపల 'వర్డ్' ఫోల్డర్‌లో 'మీడియా' అనే ఫోల్డర్ ఉంటుంది. మీరు పెట్టింది ఒక్క ఎస్‌వీజీయే అయినా అక్కడ రెండు ఫైళ్లు కనిపిస్తాయి: మీ ఎస్‌వీజీ, దాని పక్కనే వర్డ్ తనంతట తాను చేసిన పీఎన్‌జీ, అంటే చుక్కల బొమ్మ. ఎస్‌వీజీ తెలిసిన వర్డ్ మొదటిదాన్ని చూపిస్తుంది. తెలియని పాత వర్డ్ రెండోదాన్ని చూపిస్తుంది. మీ గైడ్ చూస్తున్నది ఆ రెండోదే. బొమ్మ అసలే కనిపించకుండా పోకూడదని చేసిన ఏర్పాటు ఇది, మంచిదే. కానీ దానినే ప్రింట్ తీస్తే మసకగా వస్తుంది.

పాత వర్డ్ ఉన్నవాళ్లకు పంపాలంటే ఈఎంఎఫ్ వాడండి. ఇది విండోస్ సొంత వెక్టార్ ఫార్మాట్, 1993 నాటి విండోస్ ఎన్‌టీతో వచ్చింది. పాత వర్డ్‌లకూ బాగా తెలుసు. వెక్టార్ బొమ్మలు గీసే ప్రోగ్రామ్, ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో ఎస్‌వీజీని తెరిచి 'సేవ్ యాజ్'లో ఈఎంఎఫ్ ఎంచుకుంటే సరిపోతుంది. గీతలు, డబ్బాలు, బాణాలు, నిండు రంగులు చక్కగా వస్తాయి. పారదర్శకంగా ఉండే రంగులు, ఒక రంగు నుంచి మరో రంగులోకి కరిగిపోయే షేడ్లు మాత్రం దెబ్బతింటాయి. మ్యాక్‌లో ఈఎంఎఫ్ ఒక్కోసారి సరిగా కనిపించదు కూడా. చదివి వ్యాఖ్యలు రాయడమే గైడ్ పని అయితే పీడీఎఫ్ పంపేయండి, ఈ గొడవే ఉండదు.

ఈపీఎస్ అనే మరో పాత వెక్టార్ ఫార్మాట్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఇప్పటికీ చాలామంది అడుగుతున్నారు. భద్రతా కారణాల వల్ల 2017లోనే ఆఫీస్‌లో ఈపీఎస్ పెట్టే వీలును ఆపేశారు. పాత ఈపీఎస్ బొమ్మలుంటే ఎస్‌వీజీగా మార్చుకోవడమే మార్గం.

ప్రశ్న: డ్రా.ఐఓలో గీసిన డయాగ్రమ్‌ను ఎస్‌వీజీగా వర్డ్‌లో పెట్టాను. డబ్బాలు వచ్చాయి, అక్షరాలు తేడాగా ఉన్నాయి. కింద 'టెక్స్ట్ ఈజ్ నాట్ ఎస్‌వీజీ, కెనాట్ డిస్‌ప్లే' అని ఒక లైన్ కూడా వచ్చింది. రేపే సబ్మిట్ చేయాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంగారు పడకండి, 5 నిమిషాల పని. డ్రా.ఐఓలో డబ్బా లోపల రాసిన మాటలు వెబ్ పేజీలో ఉండే హెచ్‌టీఎంఎల్ రూపంలో ఎస్‌వీజీలోకి వెళ్తాయి. బ్రౌజర్‌కు హెచ్‌టీఎంఎల్ వచ్చు కాబట్టి అక్కడ అంతా సవ్యంగా కనిపిస్తుంది. వర్డ్ ఎస్‌వీజీలోని ఆ భాగాన్ని చదవలేదు, అందుకే ఆ హెచ్చరిక.

డయాగ్రమ్‌ను మళ్లీ డ్రా.ఐఓలో తెరవండి. కంట్రోల్, ఏ నొక్కి అన్నీ సెలెక్ట్ చేయండి. కుడివైపు 'టెక్స్ట్' ట్యాబ్‌లో 'వర్డ్ వ్రాప్', 'ఫార్మాటెడ్ టెక్స్ట్' అనే రెండింటికీ ఉన్న టిక్కులు తీసేయండి. మళ్లీ ఎస్‌వీజీగా ఎక్స్‌పోర్ట్ చేసి వర్డ్‌లో పెట్టండి. టిక్కులు తీయగానే పొడుగు వాక్యాలు డబ్బా దాటి బయటికి వచ్చేస్తాయి. వాటిని మీరే రెండు మూడు లైన్లుగా విడగొట్టుకోవాలి. ఒక మాటలో కొంత భాగాన్ని మాత్రం బోల్డ్ చేసి ఉంటే అదీ పోతుంది.

పాత ఇంక్‌స్కేప్‌తో గీసినవాళ్లకు దీనికి తోబుట్టువు లాంటి సమస్య ఎదురవుతుంది. పేరా రాసిన చోట నల్ల డబ్బా ప్రత్యక్షమవుతుంది. మౌస్‌తో ఒక చట్రం లాగి అందులో రాసిన టెక్స్ట్‌ను మిగతా ప్రోగ్రాములు అర్థం చేసుకోకపోవడమే కారణం. ఆ టెక్స్ట్‌ను సెలెక్ట్ చేసి మెనూలో 'టెక్స్ట్', 'కన్వర్ట్ టు టెక్స్ట్' నొక్కితే నల్ల డబ్బా పోతుంది.

ప్రశ్న: నా డయాగ్రమ్‌లో పేర్లన్నీ తెలుగులో రాశాను. నా కంప్యూటర్‌లో అందంగా ఉంది. వేరే కంప్యూటర్‌లో తెరిస్తే ఫాంట్ మారిపోయి, అక్షరాలు గడులు దాటిపోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ఎస్‌వీజీలో సాధారణంగా అక్షరాలు, ఫాంట్ పేరు మాత్రమే ఉంటాయి. అక్షరం ఆకారం ఉండదు. అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే అది తనకున్న మరో తెలుగు ఫాంట్‌తో సరిపెడుతుంది. తెలుగు ఫాంట్లలో ఒకదానికీ ఇంకోదానికీ వెడల్పులో, వత్తులు దిగే లోతులో చాలా తేడా ఉంటుంది. అందుకే ఇంగ్లిష్ పేర్లున్న బొమ్మ కంటే తెలుగు పేర్లున్న బొమ్మ ఎక్కువగా చెదురుతుంది. కొన్ని కన్వర్టర్లకైతే వత్తులు కూర్చడమే రాదు. 'వస్త్రం' అని రాస్తే స, త, ర విడివిడిగా పొల్లులతో నిలబడతాయి. మన భాషలో శ్రద్ధగా చేసిన పని అలా విరిగి కనిపిస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

అక్షరాలను గీతలుగా మార్చేయడమే దీనికి గట్టి మందు. ఇంక్‌స్కేప్‌లో బొమ్మ మొత్తం సెలెక్ట్ చేసి 'పాత్' మెనూలో 'ఆబ్జెక్ట్ టు పాత్' నొక్కండి. ఇక 'వస్త్రం' అన్నది అక్షరాల మాట కాదు, గీసిన ఆకారం. ఏ కంప్యూటర్‌లోనైనా, ఫాంట్ ఉన్నా లేకున్నా అలాగే కనిపిస్తుంది.

అయితే అసలు ఫైల్‌ను వేరే పేరుతో భద్రంగా దాచుకున్నాకే ఈ పని చేయండి. గీతలుగా మారాక అక్షర దోషం దిద్దలేరు. ఆ మాటలు సెర్చ్‌కూ దొరకవు. చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్‌కూ వినిపించవు. కాబట్టి వర్డ్‌లో బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి 'ఆల్ట్ టెక్స్ట్'లో బొమ్మ ఏం చెబుతోందో రెండు వాక్యాలు తప్పకుండా రాయండి. చాలామంది వదిలేసే పని ఇది. దయచేసి మీరు వదలకండి.

ప్రశ్న: మా లోగో జేపీజీలోనే ఉంది. ఆన్‌లైన్ కన్వర్టర్‌లో ఎస్‌వీజీ చేశాను. అయినా పెద్దది చేస్తే మసకే. ఎందుకు?

జవాబు: ఆ ఎస్‌వీజీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. 'బేస్64' అనే మాట, దాని వెంట పేజీలకు పేజీలు అర్థంలేని అక్షరాలు కనిపిస్తే మీ జేపీజీయే లోపల యథాతథంగా ఉన్నట్టు. కవరు మారింది, ఉత్తరం అదే.

ఇంక్‌స్కేప్‌లోని 'ట్రేస్ బిట్‌మ్యాప్' నిజంగా అంచులను గుర్తించి గీతలు గీస్తుంది. రెండు మూడు నిండు రంగుల లోగోకు బాగా పనిచేస్తుంది. ఫొటోకు వద్దు. ఫొటో చుక్కల బొమ్మగా ఉండటమే న్యాయం. అన్నిటికంటే ముందు ఆ లోగో గీసినవారిని అసలు ఫైల్ అడగండి, చాలాసార్లు వారి దగ్గర వెక్టార్ ఉంటుంది.

ప్రశ్న: వేల బిందువులున్న గ్రాఫ్‌ను ఎస్‌వీజీగా పెట్టాక వర్డ్ పేజీ జరపడానికే మొరాయిస్తోంది.

జవాబు: ఒక్కో బిందువూ ఒక్కో సూచన. పేజీ కదిలిన ప్రతిసారీ వర్డ్ వాటన్నిటినీ మళ్లీ గీయాలి. ఇలాంటి చోట నేను వెక్టార్‌ను పట్టుకుని వేలాడను. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) పీఎన్‌జీ పెట్టేయండి. పైథాన్ మాట్‌ప్లాట్‌లిబ్‌తో గీస్తుంటే ఇంకా మంచి దారి ఉంది. బిందువులకు మాత్రమే 'రాస్టరైజ్డ్' ఆప్షన్ ఇస్తే అవి చుక్కలుగా, అక్షాలూ అంకెలూ గీతలుగా వస్తాయి. పీఎన్‌జీ పెడుతున్నారు కాబట్టి వర్డ్ 'ఆప్షన్స్', 'అడ్వాన్స్‌డ్'లో 'డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్'కు టిక్ పెట్టండి. లేదంటే సేవ్ చేసేటప్పుడు వర్డ్ దాని పదును తగ్గించేయవచ్చు.

ప్రశ్న: గూగుల్ డాక్స్‌లో ఎస్‌వీజీ పెట్టలేమా?

జవాబు: నేరుగా పెట్టలేం. సాదా డయాగ్రమ్ అయితే 'ఇన్సర్ట్', 'డ్రాయింగ్'లో అక్కడే గీసుకోండి. మిగతావాటికి పెద్ద సైజు పీఎన్‌జీ వాడాలి. బొమ్మలే ప్రాణమైన రిపోర్ట్ అయితే రాత పని డాక్స్‌లో ముగించి, బొమ్మలు పెట్టడం వర్డ్‌లోనో రైటర్‌లోనో చేయండి.

ప్రశ్న: వర్డ్‌లో అంతా సరిగ్గా ఉంది. పీడీఎఫ్ చేశాక కూడా వెక్టార్‌గానే ఉందని ఎలా తెలుసుకోవాలి?

జవాబు: పీడీఎఫ్‌ను 800 శాతం జూమ్ చేసి, బొమ్మలో ఏటవాలు గీత ఒకటి చూడండి. అంచు నున్నగా ఉంటే వెక్టార్, మెట్లు కనిపిస్తే చుక్కలు. మెట్లు కనిపిస్తే బొమ్మలో నీడ, బ్లర్ లాంటి హంగులు ఉన్నాయేమో చూసి తీసేయండి, వాటి వల్ల బొమ్మ చుక్కలుగా మారిపోవచ్చు. వర్డ్‌లో పీడీఎఫ్ చేసేటప్పుడు 'మినిమమ్ సైజ్' కాకుండా 'స్టాండర్డ్' ఎంచుకోండి. ప్రింట్‌కు పంపే ముందు ప్రతి బొమ్మనూ నేను ఇలాగే చూస్తాను, 40 బొమ్మలున్నా సరే.