ఐఆర్‌క్యూ 17ను (పరికరాలు ప్రాసెసర్‌ను పిలిచే 17 నంబరు లైను) ఎవరూ పట్టించుకోలేదని కెర్నల్ (లినక్స్ గుండెకాయ) సందేశం వచ్చి నెట్ ఆగిపోతోంది. నెట్‌వర్క్ కార్డు మార్చాలా?

మార్చకండి. ఒకే రకం కార్డులు మూడు కొన్నవాళ్లు నాకు తెలుసు. మూడింటికీ అదే రోగం.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి దుకాణం. లినక్స్ వేసిన పాత కంప్యూటర్, కార్డుతో పాటు వచ్చిన డ్రైవర్ (కార్డును నడిపే ప్రోగ్రాం). రోజుకు రెండు మూడుసార్లు నెట్ పోయేది, బిల్లుల ప్రింటర్ కూడా నత్తనడక పట్టేది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే అంతా మామూలే. సరిగ్గా సీజన్లో వెళ్లాను. తేజ మిర్చి ఘాటుకు తుమ్ములు ఆగవు, స్క్రీన్ కనబడదు. "బస్తాల బండి వచ్చినప్పుడల్లా పోతోంది తమ్మీ" అన్నారు సేటు. నాకన్నా ముందు వచ్చినవాళ్లంతా ఆ మాటకు నవ్వారట. నేనూ నవ్వాను.

ఆయన చెప్పిందే నిజం. గడప దగ్గర చక్రం కేబుల్ మీదికి ఎక్కగానే లింకు తెగి మళ్లీ కలుస్తుంది. లింకు మారిందని కార్డు ఇంటరప్ట్ ఇస్తుంది, అంటే తన లైను మీద ప్రాసెసర్‌ను పిలుస్తుంది. డ్రైవర్‌లో ఆ పిలుపుకు జవాబివ్వాల్సిన హ్యాండ్లరేమో, పిలుపుకు కారణం చెప్పే స్టేటస్ రిజిస్టర్‌లో ప్యాకెట్ వచ్చిందా, వెళ్లిందా అనే బిట్లు మాత్రమే చూసి 'నాది కాదు' అని తప్పుకుంటుంది. లింకు మారిందని చెప్పే మూడో బిట్‌ను చెరిపే దిక్కు లేదు కనుక కార్డు లైను వదలదు, అదే ఇంటరప్ట్ మళ్లీ మళ్లీ. ఏ లైనుకు ఎన్ని ఇంటరప్ట్‌లు వచ్చాయో చూపే ప్రాక్‌లోని ఇంటరప్ట్స్ ఫైలు (/proc/interrupts) తెరిచి చూస్తే 17కు ఎదురుగా ఉన్న అంకె ఒక్కసారిగా లక్ష పెరిగి అక్కడే ఆగిపోయింది. లక్షలో 99,900కు మించి ఎవరూ తమవి అనకపోతే కెర్నల్ ఆ లైనునే మూసేస్తుంది మరి. అదే లైను పంచుకుంటున్న యూఎస్‌బీ, దానికి తగిలించిన ప్రింటర్ ఏ పాపం చేశాయి?

మరమ్మతు రెండే లైన్ల కోడ్. చదివిన స్టేటస్ విలువను అదే రిజిస్టర్‌లో తిరిగి రాశాను, ఆ కార్డులో 1 రాస్తేనే బిట్ చెరుగుతుంది. మనం అనుమతించిన బిట్లలో ఏదీ లేనప్పుడే 'నాది కాదు' అనేలా మార్చాను.

ఐఆర్‌క్యూపోల్ (irqpoll) అనే కెర్నల్ ఆప్షన్ పెట్టి బూట్ చేయమని సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. కెర్నల్ సందేశంలోనూ ఆ మాటే ఉంటుంది కాబట్టి అదే మందు అనుకుంటారు. అది చేసేదల్లా హ్యాండ్లర్లందరినీ మరోసారి అడగడమే. అబద్ధం చెప్పే హ్యాండ్లర్‌ను ఎన్నిసార్లు అడిగితే ఏం లాభం? డ్రైవర్ కోడ్ తెరిచి చదవమంటే మాత్రం ఒక్కరూ ముందుకు రారు.

నా రెండు రోజుల పనికి సేటు కిలో ఎండుమిర్చి కట్టి ఇచ్చారు. కేబుల్‌ను పైపులో వేయించమంటే "సీజన్ అయిపోనీ" అన్నారు. బండి ఇప్పటికీ దాని మీద నుంచే పోతోంది.