పెరట్లో పురుగుల్ని పట్టబోయే మా సాహితికి

అమ్మా సాహితీ,

పెరటి పురుగుల్ని గమనించే ప్రాజెక్టులో చేరుతున్నానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచీ నాకు అదే ధ్యాస. మీ సైనిక్‌పురి ఇంట్లో నిమ్మచెట్టుంది, కరివేపాకుంది, మీ నాన్న వేసిన బెండ, వంగ మళ్ళున్నాయి. ఏడాది పొడవునా పురుగుల్ని గమనించి ఆ ప్రాజెక్టుకి పంపడానికి ఇంతకంటే ఏం కావాలి? ముప్ఫై ఏళ్ళు జువాలజీ చెప్పినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

అన్నిటికన్నా ముందు ఒక్కటి గుర్తుపెట్టుకో. చీటీ లేని పురుగు ఎందుకూ పనికిరాదు. నేను డిగ్రీలో ఉన్నప్పుడు మలక్‌పేట ఇంట్లో రెండు వానాకాలాలు కష్టపడి రెండొందల పైచిలుకు పురుగులు పోగు చేశాను. ఏది ఎక్కడ పట్టానో నాకు గుర్తుంటుందిలే అనుకున్నాను. పురుగుల మీద పని చేసే ఒక పెద్దాయనకి ఆ పెట్టె చూపిస్తే, ఒక పెంకు పురుగు మీద వేలు పెట్టి "ఇది ఏ నెలలో దొరికింది? నేల మీదా, చెట్టు మీదా?" అని అడిగారు. చెప్పలేకపోయాను. ఆయన ఇంకో నాలుగు అడిగి, పెట్టె మూసి నా చేతిలో పెట్టారు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అందుకే పురుగు దొరికిన ఆ నిమిషంలోనే రాయి. ఊరు, పేట, తేదీ, ఏ మొక్క మీద, ఎలా పట్టావు, నీ పేరు. చీటీ వేలిగోరంత ఉంటే చాలు. తేదీలో నెలని రోమన్ అంకెల్లో వెయ్యి. 7-8 అని రాస్తే అది జూలై ఎనిమిదో, ఆగస్టు ఏడో ఎవరికి తెలుస్తుంది? 7-VIII అని ఉంటే ఆ గొడవే లేదు. పురుగుల్ని నిల్వ చేసే స్పిరిట్ సీసాలో వేసే చీటీ పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను సిరా కరిగిపోతుంది.

పట్టడానికి పెద్ద సామానేం అక్కర్లేదు. పసుపు రంగు ప్లాస్టిక్ గిన్నెలో నీళ్ళు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి పొద్దున్నే మళ్ళ మధ్య పెట్టు. ఆ రంగుకి చిన్న ఈగలు, కందిరీగలు వచ్చి వాలతాయి. సబ్బు వల్ల నీటి మీద తేలలేక మునిగిపోతాయి. నేల మీద తిరిగేవాటికి ఒక ప్లాస్టిక్ గ్లాసుని అంచు మట్టికి సమంగా వచ్చేలా పాతు. వాన పడకుండా పైన చిన్న పెంకు ఆనించు. కొమ్మల మీద ఉండేవాటికి గొడుగు తిరగేసి కింద పట్టుకుని కర్రతో కొమ్మని రెండుసార్లు తట్టు, ఏమేం రాలతాయో చూసి నువ్వే ఆశ్చర్యపోతావు. రాత్రి పూట డాబా మీద తెల్ల దుప్పటి కట్టి లైటు వెయ్యి. అమావాస్య దగ్గర రోజులు మంచివి.

దొరికిందల్లా చంపకు. ఒక్కో రకానికి ఒకటో రెండో చాలు. ఫొటోతో పనయ్యేదాన్ని ముట్టుకోవద్దు. నిమ్మాకు మీద పిట్ట రెట్టలాంటిది కనిపిస్తే దగ్గరగా చూడు, అది సీతాకోకచిలుక పిల్ల. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటికొస్తాయి, ఘాటు వాసన వేస్తుంది. దాన్ని అక్కడే వదిలేసి రోజూ ఫొటో తియ్యి. వంగపూల దగ్గర గట్టిగా జుమ్మనే నీలిచారల తేనెటీగ కూడా అంతే. ఆ అదురుకే పూవు లోపలి పుప్పొడి రాలుతుంది. చీకటి పడే వేళ మగవి ఎండుపుల్లని దవడలతో కరుచుకుని వరుసగా నిద్రపోతాయి. ఒక్కసారైనా చూడు తల్లీ.

జీవుల ఫొటోలు పెడితే నలుగురూ పేరు గుర్తుపట్టి చెప్పే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు పైనుంచి, పక్కనుంచి, ముఖం, మూడు ఫొటోలైనా ఉండాలి. పేరు చెప్పినవాళ్ళలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమంది ఒకే జాతి అంటేనే అది రీసెర్చ్ గ్రేడ్, అంటే పరిశోధనకి పనికొచ్చే స్థాయి, అవుతుంది. పేరు తెలియకపోతే 'పెంకు పురుగు' అని వదిలేయి, తోచిన పేరు పెట్టొద్దు. ఇంటి లొకేషన్ అందరికీ కనపడకుండా దాచే సెట్టింగ్ ఉంది, అది తప్పకుండా పెట్టుకో.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. 1972 వన్యప్రాణి చట్టం రక్షించే జాబితాలో కొన్ని సీతాకోకచిలుకలూ ఉన్నాయి. మన ఊళ్ళోని కేబీఆర్ పార్కు జాతీయ ఉద్యానవనం, అక్కడ అనుమతి లేకుండా చీమని కూడా పట్టకూడదు. విదేశానికి నమూనాలు పంపాలంటే జీవవైవిధ్య చట్టం కింద అనుమతులుంటాయి, ఆ పని ప్రాజెక్టువాళ్ళే చూసుకోవాలి. నువ్వు సొంతంగా పోస్టులో పంపకు.

బెండపూల మీద నల్లచారల నారింజరంగు పురుగులు చేరతాయి, వాటిని చేత్తో పట్టకు. బొబ్బలెక్కుతాయి. రాళ్ళ కింద చెయ్యి పెట్టేముందు పుల్లతో కదుపు, తేళ్ళు, జెర్రులు ఉంటాయి.

ఆరుద్ర కార్తెలో, జూన్ చివర్లో, తొలివానలకి ఎర్ర మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు వస్తే కాళ్ళు లెక్కపెట్టు. ఎనిమిదుంటాయి. పురుగు అని పిలుస్తాం గానీ అది సాలీడు కుటుంబం వైపుది. ప్రాజెక్టు కీటకాల వరకే అయితే ఫొటో తీసి వదిలేయి.

చంపక తప్పనిదాన్ని గట్టి మూత డబ్బాలో వేసి ఒక రోజంతా ఫ్రీజర్‌లో ఉంచు, డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయి, మీ అమ్మ కంగారు పడకుండా. మెత్తని పురుగులు స్పిరిట్‌లోకి. డీఎన్ఏ కోసమైతే ప్రాజెక్టువాళ్ళు ఇచ్చిన స్పిరిట్‌నే వాడు. పెట్టెలో నిలబెట్టడానికి పెంకు పురుగుకి సూది కుడి రెక్క మీద గుచ్చాలి, నడుమ కాదు. మామూలు గుండుసూది తుప్పు పడుతుంది, స్టీలువి తీసుకో. మన వానాకాలం తేమకి బూజు పడుతుంది కాబట్టి పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యి. పెట్టె ఉంచిన బల్ల కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెడితే చీమలు రావు.

ఏమీ దొరకని రోజు కూడా నోటుబుక్కులో 'ఏమీ లేవు' అని రాయి. ముందురోజు రాత్రి వీధిలో ఫాగింగ్ బండి తిరిగిందా, వాన పడిందా, ఎండ ఎంతుంది, అన్నీ రాయి. ఆ ఖాళీ రోజుల వల్లే రేపు ఎవరికైనా కారణం దొరకొచ్చు.

వచ్చే ఆదివారం వస్తాను. సూదులు, నా పది రెట్ల లెన్సు తెస్తాను. నువ్వు రెండు పసుపు గిన్నెలు, ఒక పాత గొడుగు సిద్ధం చేసి ఉంచు, తెల్లారేసరికి మొదలుపెడదాం.

మీ పెద్దమ్మ