చల్లటి సముద్రపు ఈస్ట్ చదువుకు లోన్ తీయాలా?

భీమవరం దగ్గర వనామీ రొయ్యల సాగు చేసే ఒక తండ్రి ప్రశ్న ఇది: "మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ ఆఖరి ఏడాది. చల్లటి సముద్రాల్లో దొరికే ఈస్ట్‌ని ప్రోబయోటిక్‌గా, అంటే మేలు చేసే సూక్ష్మజీవిగా, చేపల మేతలో కలపడం మీద చదువుతానంటోంది, నార్వే పంపమంటోంది. లోన్ తీయనా?"

ఇప్పుడే తీయకండి. కానీ అమ్మాయి పట్టుకున్నది మంచి విషయమండీ, దాన్ని మాత్రం వదిలించకండి. బ్రెడ్డు ఈస్ట్ 30 డిగ్రీల దగ్గర జోరుగా పెరుగుతుంది, ట్రౌట్, సాల్మన్ చేపలు పెరిగే నీళ్లేమో పది, పదిహేను డిగ్రీలు, ఆ చలికి అది మందగిస్తుంది, అందుకే చలికీ ఉప్పుకీ అలవాటుపడిన రకాల కోసం వెతుకుతున్నారు. డెబారియోమైసిస్ హాన్సెనీ అనే ఉప్పుకు ఓర్చుకునే ఈస్ట్‌ని సీబాస్ అనే సముద్రపు చేప పిల్లల మేతలో కలిపి చూస్తే పేగు త్వరగా ఎదిగింది, ఎక్కువ పిల్లలు బతికాయి.

మరి మీ చెరువు? వేసవిలో నీళ్లు 30 దాటుతాయి కదా, అక్కడ ఆ చలి గుణంతో పనే లేదు. ఈస్ట్ కణం గోడలో ఉండే బీటా గ్లూకాన్ అనే పదార్థం మాత్రం రొయ్యకి రోగాన్ని తట్టుకునే శక్తి పెంచుతుంది, దానికి ఈస్ట్ బతికి ఉండనక్కర్లేదు కూడా. కాబట్టి అమ్మాయి ఒక్క ఈస్ట్ పేరుకే అతుక్కుపోకుండా మేతలో సూక్ష్మజీవుల పని మొత్తం నేర్చుకుంటే నార్వేలోనూ, నర్సాపురంలోనూ పనికొస్తుంది.

చదువు విషయానికొస్తే, కొచ్చిలోని కుసాట్ యూనివర్సిటీలో సముద్రపు ఈస్ట్‌ని రొయ్యల మేతలో వాడటం మీద చాలా ఏళ్లుగా పని జరుగుతోంది, గోవా యూనివర్సిటీలో మెరైన్ బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ ఉంది. నాకైతే ముందు వీటిలో ఒకచోట ఎమ్మెస్సీ చేసి, పీహెచ్‌డీకి నార్వే చూసుకోవడమే నయమనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ పీహెచ్‌డీ అంటే జీతమిచ్చే ఉద్యోగం, మాస్టర్స్‌కేమో యూరప్ బయటివాళ్లకి 2023 నుంచి ఫీజు పెట్టారు. ఒకటి మాత్రం గమనించండి, ఫిషరీస్ ఉద్యోగాలు చాలావాటికి బీఎఫ్ఎస్సీ (ఫిషరీస్ డిగ్రీ) అడుగుతారు, ఈ దారిలో అవి రావు, మేత కంపెనీల ల్యాబులు, హేచరీలు (పిల్లల్ని పుట్టించే కేంద్రాలు), పరిశోధన ఉంటాయి.

ఈలోగా అమ్మాయికి ఒక పని చెప్పండి. మీ షెడ్డులో ఎండకి రెండు నెలలుగా పడి ఉన్న ఈస్ట్ ప్రోబయోటిక్ ప్యాకెట్ ఒకటి, కొత్తది ఒకటి కాలేజీ ల్యాబుకి పట్టుకెళ్లి, సూక్ష్మజీవుల్ని పెంచే ప్లేట్ల మీద వేసి, లేబుల్ మీద రాసిన కణాల్లో ఏ ప్యాకెట్‌లో ఎన్ని బతికున్నాయో లెక్కపెట్టమనండి. మేత కంపెనీ ఇంటర్వ్యూలో ఆ నోట్‌బుక్ ముందు పెడితే చాలాసేపు దాని గురించే అడుగుతారు.