పాఠకుల ప్రశ్నలు: యంత్రం దెబ్బ ముందు ఎవరికి తగిలింది?

ప్రశ్న: యంత్రాలు రాగానే ఇంగ్లండు చేనేతవాళ్లు వీధిన పడ్డారని ఒక పుస్తకంలో, వాటివల్లే వాళ్లకు మంచి రోజులొచ్చాయని ఇంకో పుస్తకంలో ఉంది. గ్రూప్స్‌లో ఏది రాయాలి?
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం

జవాబు: రెండూ రాయండి, కానీ సంవత్సరాలు వేసి రాయండి. 1733లో జాన్ కే తాడు లాగితే పరిగెత్తే నాడె (మగ్గంలో అడ్డంగా పేక పోగును నడిపే సాధనం) కనిపెట్టాడు. దాంతో నేత వేగం పుంజుకుంది, నూలు చాల్లేదు. ఒక మగ్గానికి నూలు అందించాలంటే నలుగురైదుగురు రాట్నం తిప్పాల్సిందే. 1760ల్లో వచ్చిన జెన్నీ, 1769 నాటి వాటర్ ఫ్రేమ్, 1779 నాటి మ్యూల్ అనే వడికే యంత్రాలు ఆ కరువు తీర్చాయి. కాబట్టి తొలి దెబ్బ ఇంట్లో వడికే ఆడవాళ్లకు తగిలింది. అదే నూలు చవకై నేతగాడికి చేతినిండా పని దొరికింది. 1800 ప్రాంతంలో ఇంగ్లండు నూలు పట్నం బోల్టన్‌లో నేతగాడి వారం కూలి సుమారు 25 షిల్లింగులు.

ఆ కూలి 1830 నాటికి 7 షిల్లింగుల లోపు పడిపోయింది. ఇక్కడే విద్యార్థులు పొరపడతారు. కార్ట్‌రైట్ 1785లో మరమగ్గానికి పేటెంట్ తీసుకున్నాడు కనుక అదే కారణమని రాసేస్తారు. 1813లో బ్రిటన్ మొత్తం మీద ఉన్న మరమగ్గాలు సుమారు 2,400 మాత్రమే. లక్షకు చేరింది 1833 నాటికి. కూలి అంతకుముందే జారిపోయింది. సాదా బట్ట నేయడం త్వరగా పట్టుబడుతుంది. పల్లె కూలీలు, ఐర్లండు నుంచి వచ్చినవాళ్లు, 1815లో నెపోలియన్‌తో యుద్ధం ముగిశాక ఇంటికి చేరిన సైనికులు అందరూ మగ్గాల మీద పడ్డారు. కూలి పెంచమని జట్టుకట్టి అడగడం 1799 చట్టం ప్రకారం నేరం. వీటి మీద మరమగ్గం చివరి దెబ్బ వేసింది.

మన విశాఖ జిల్లా నేతకు ఇది పరాయి కథ కాదు. పడుగులో (బట్ట నిలువు పోగుల్లో) 120 పోగులు ఒక పుంజం. పుంజాల లెక్కన నేసిన ఇక్కడి బట్టను ఈస్టిండియా కంపెనీ కొని ఓడలకెక్కించేది. తర్వాత మిల్లు నూలు దిగుమతయ్యాక మన దగ్గరా ముందు మూలపడింది రాట్నమే. అదే నూలు కొని నేస్తూ మగ్గం ఇంకా చాలాకాలం నిలిచింది.

ప్రశ్న: ఇంగ్లండులో బాల కార్మికులపై 1802, 1819 చట్టాలు పనిచేయలేదు, 1833 చట్టం పనిచేసింది. తేడా ఏమిటి?
– ఒక ఉపాధ్యాయుడు, గాజువాక

జవాబు: తనిఖీ. ముందటి చట్టాల అమలు స్థానిక మేజిస్ట్రేట్ల చేతిలో ఉండేది. మిల్లు యజమానులతో కలిసి భోంచేసేవాళ్లు తప్పు ఎలా పడతారు? 1833లో జీతమిచ్చి నలుగురు ఇన్‌స్పెక్టర్లను వేశారు. పట్టు మిల్లులు తప్ప బట్టల మిల్లుల్లో 9 ఏళ్లలోపు పిల్లలు కుదరదు. 9–13 మధ్య వాళ్లకు రోజుకు 9 గంటలు, వారానికి 48. అయినా పెద్ద కంత మిగిలింది: వయసు రుజువు. ఇంగ్లండులో ప్రభుత్వ జనన నమోదు మొదలైందే 1837లో. అంతవరకూ వైద్యుడు ఎత్తూ ఒడ్డూ చూసి సర్టిఫికెట్ ఇచ్చేవాడు. కూలి డబ్బు లేకపోతే పొయ్యి వెలగని తల్లిదండ్రులు వయసు ఎక్కువ చెప్పేవాళ్లు. వాళ్లను తప్పుపట్టే ముందు నేతగాడి 7 షిల్లింగులు గుర్తు చేసుకోవాలి.

ప్రశ్న: మాంచెస్టర్ కూలీలు 17 ఏళ్లకే చనిపోయేవారా?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: కాదు. కూలీల ఇళ్లూ ఆరోగ్యంపై ఎడ్విన్ చాడ్విక్ అనే అధికారి ఇచ్చిన 1842 నివేదికలో ఉన్నది మరణించినవారి సగటు వయసు. అయిదేళ్లు నిండకుండా పోయిన పసివాళ్లు ఆ సగటును కిందికి లాగారు. బతికి పెద్దయినవాళ్లు నలభై, యాభై దాకా ఉండేవాళ్లు. ఆ లెక్కలో మాంచెస్టర్ కూలీలకు 17, వ్యాపారులకు 20, పై వర్గానికి 38. అదే పట్టికలో పల్లెలే ఎక్కువున్న రట్లాండ్ కూలీకీ 38. పట్నంలో బగ్గీ ఉన్న దొరకూ, పల్లెలో పొలం పని చేసే కూలీకీ ఒకే అంకె. మురుగు కాలవ, తాగునీరు ఏపాటి తేడా తెస్తాయో చాడ్విక్ చూపించింది ఈ అంకెలతోనే.