ఏది ముందు, ఏది వెనక?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లోంచి ఐదింటిని పక్కకు తీశాను. రాసినవాళ్లు ఒకరికొకరు తెలియరు. చదువులు వేరు, ఉద్యోగాలు వేరు. అడిగింది మాత్రం దాదాపు ఒకటే: వేటిని ఎలా వరుసలో పెట్టాలి అని. 26 ఏళ్లుగా ఇంజినీరింగ్ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. నాకు చాలా ఇష్టమైన విషయం ఇది. అందుకే ఈసారి ఉత్తరాలన్నీ దీని మీదే.

ప్రశ్న: మేడమ్, సగటు కట్టడానికి డేటాను వరుసలో పెట్టక్కర్లేదు. మీడియన్‌కు మాత్రం, అది నడిమి అంకె కాబట్టి, పెట్టాలంటారు. అంత శ్రమపడితే దక్కేదేమిటి? లక్షల అంకెలుంటే అన్నిటినీ సార్ట్ చేయాల్సిందేనా?
(డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని)

జవాబు: కాగితం మీద ఐదు అంకెలు రాసుకోండమ్మా: 12, 14, 15, 16, 18. సగటు 15, మీడియన్ కూడా 15. ఇప్పుడు ఎవరో తొందరలో 18కి బదులు 180 టైప్ చేశారనుకోండి. సగటు ఒక్కసారిగా 47.4కి ఎగబాకుతుంది. నాలుగు అంకెలు 16 లోపే ఉన్నాయి, ఒకటి 180. ఆ 47.4 దగ్గర ఎవరూ లేరు. మీడియన్ మాత్రం కదలదు, 15 దగ్గరే ఉంటుంది. చివరి అంకె ఎంత పెద్దదైనా దానికి పట్టదు. అది చివర ఉందా లేదా అన్నదే దానికి కావాలి.

ఇలా విలువను వదిలేసి స్థానాన్ని పట్టుకోవడం స్టాటిస్టిక్స్‌లో చాలా దూరం తీసుకెళ్లింది. స్పియర్‌మన్ 1904లో ఇచ్చిన ర్యాంకు సహసంబంధం (రెండు కొలతలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పేది), విల్‌కాక్సన్ 1945లో ఇచ్చిన ర్యాంకు పరీక్ష, రెండూ ఈ ఆలోచన మీద నిలబడ్డవే.

ఇక రెండో సందేహం. అన్నిటినీ సార్ట్ చేయక్కర్లేదు. 1961లో కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ చూపించిన దారి ఉంది: ఏదో ఒక అంకెను పట్టుకోండి, దానికన్నా చిన్నవాటిని ఒక పక్కకు, పెద్దవాటిని ఇంకో పక్కకు తోసేయండి. నడిమి స్థానం ఏ పక్క పడిందో లెక్కపెడితే తెలిసిపోతుంది. రెండో పక్కను ఇక ముట్టుకోవద్దు. ఉన్న పక్కన మళ్లీ ఇదే పని. పట్టుకున్న అంకె ప్రతిసారీ ఓ మూలది పడితే ఆలస్యమవుతుంది, నిజమే. ఎలాంటి డేటా ఇచ్చినా అంకెల సంఖ్యకు తగ్గట్టే సమయం పట్టే పద్ధతిని 1973లో బ్లమ్, ఫ్లాయిడ్, ప్రాట్, రివెస్ట్, టార్జన్ కలిసి ఇచ్చారు. ఐదు అంకెలను పూర్తిగా వరుసలో పెట్టాలంటే 7 పోలికలదాకా పట్టొచ్చు, మీడియన్ ఒక్కటే కావాలంటే 6 చాలు. ఐదింటికి తేడా ఒకటే. అంకెలు పెరిగేకొద్దీ ఆ తేడా కూడా పెరుగుతూ పోతుంది.

ప్రశ్న: మా యంత్రాన్ని నడిపేది ఒక కంట్రోల్ కార్డు. దాని సగటు ఆయుష్షు 1000 గంటలు. మూడు కార్డులు పెట్టి, ఏ రెండు ఒకే మాట చెబితే దాన్నే తీసుకునేలా మారుద్దామని నేనన్నాను. మా సీనియర్ గారు లెక్కవేసి, ఆ సెట్టు సగటు ఆయుష్షు 833 గంటలే, ఒక్క కార్డే నయం అన్నారు. మూడు పెడితే ఆయుష్షు తగ్గడమేమిటి మేడమ్? ఇద్దరిలో తప్పెవరిది?
(మెయింటెనెన్స్ ఇంజినీరు)

జవాబు: ఇద్దరిదీ కాదు. మీ సీనియర్ గారి లెక్క సరైనదే. కార్డు పాతబడినంత మాత్రాన చెడే అవకాశం పెరగదు అన్న మామూలు ఊహతో చూద్దాం. మూడూ పనిచేస్తున్నప్పుడు వాటిలో ఏదో ఒకటి పోవడానికి సగటున 1000లో మూడో వంతు, అంటే 333 గంటలు పడుతుంది. మిగిలిన రెండూ తప్పనిసరిగా పనిచేయాలి కదా, వాటిలో ఒకటి పోవడానికి సగటున ఇంకో 500 గంటలు. మొత్తం 833. రెండో కార్డు పోగానే మీ సెట్టు పని అయిపోయింది. మూడో కార్డు బాగానే ఉన్నా దాని ఆయుష్షు లెక్కలోకి రాదు.

ఇప్పుడు మీ వైపు నుంచి చూద్దాం. 100 గంటలు ఆగకుండా నడిచే అవకాశం ఎంత? ఒక్క కార్డుకు 0.905. మూడింటి సెట్టుకు 0.975. అంటే వందకు తొమ్మిదిన్నర సార్లు వచ్చే ఇబ్బంది రెండున్నర సార్లకు దిగింది. అదే 1000 గంటలు అడగండి: ఒక్క కార్డుకు 0.368, సెట్టుకు 0.306. ఇక్కడ మీ సీనియర్ గారే నెగ్గారు.

క్లాసులో ఈ లెక్క వచ్చినప్పుడు ఒక విద్యార్థిని పిలిచి బోర్డు మీద రెండు గీతలు వేయిస్తాను. అడ్డంగా గంటలు, నిలువుగా అప్పటిదాకా బతికి ఉండే అవకాశం. ఒక్క కార్డు గీత మొదటి నిమిషం నుంచే జారుతుంది. సెట్టు గీత మొదట్లో దాదాపు చదునుగా సాగి, ఆ తర్వాత నిటారుగా దిగుతుంది. సుమారు 693 గంటల దగ్గర, ఇద్దరి అవకాశమూ సరిగ్గా సగం ఉన్నచోట, రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. చాక్‌పీస్ ఆ బిందువు మీదికి రాగానే క్లాసు నిశ్శబ్దమైపోతుంది. ఇన్నేళ్లయినా ఆ క్షణం కోసం నేను ఎదురుచూస్తాను.

ఒక గీత మొదట్నుంచి చివరిదాకా రెండోదానికి పైనే ఉంటే, అప్పుడు ధైర్యంగా ఇది మేలు అనొచ్చు. దాన్ని స్టొకాస్టిక్ ఆర్డర్ అంటాం. అలా ఉంటే సగటు కూడా దాని వైపే మొగ్గుతుంది. గీతలు దాటుకున్నప్పుడు మాత్రం ఆ రెండింటి మధ్య అలాంటి క్రమమే లేదు. మీరిద్దరూ లేని క్రమం గురించి వాదించుకున్నారు. అసలు అడగాల్సింది: యంత్రాన్ని ఎన్ని గంటలకోసారి ఆపి కార్డులు చూస్తారు? వంద గంటలకోసారి చూసి చెడినదాన్ని మార్చేట్టయితే మూడు కార్డులు పెట్టించండి. వెయ్యి గంటలు తలుపు తీయడానికే వీల్లేని చోటయితే పెట్టొద్దు.

ఇంకో మాట. మెజారిటీ తేల్చే భాగం కూడా చెడిపోతుంది, మూడు కార్డులకూ కరెంటిచ్చే సప్లై ఒకటే అయితే అది పోతే మూడూ పోతాయి. పైన వేసిన లెక్కలో ఈ రెండూ లేవు. నమ్మకం లేని భాగాలతో నమ్మకమైన యంత్రం కట్టడం గురించి 1956లో వచ్చిన వ్యాసంలో గణితజ్ఞుడు జాన్ వాన్ న్యూమన్, మెజారిటీ తేల్చే భాగం కూడా తప్పు చేస్తుందనే లెక్క కట్టారు.

సగటును పక్కనపెట్టి, ఏది ఎక్కువసార్లు గెలుస్తుందో దాన్ని ముందు పెడదాం అని మీకు తట్టవచ్చు. జాగ్రత్త. స్టాటిస్టిక్స్ ఆచార్యుడు బ్రాడ్లీ ఎఫ్రాన్ తయారుచేసిన నాలుగు పాచికలున్నాయి. మొదటిదాని ముఖాల మీద 4, 4, 4, 4, 0, 0. రెండోదాని మీద ఆరూ 3లే. మూడోదాని మీద 6, 6, 2, 2, 2, 2. నాలుగోదాని మీద 5, 5, 5, 1, 1, 1. మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది నాలుగోదాన్ని, మూడింట రెండు వంతుల సార్లు ఓడిస్తాయి. నాలుగోది తిరిగొచ్చి మొదటిదాన్ని ఓడిస్తుంది, అదీ మూడింట రెండు వంతుల సార్లే. వీటిని వరుసలో నిలబెట్టలేం, గుండ్రంగా కూర్చోబెట్టాలి. అట్టముక్కలతో చేసి ఆడి చూడండి.

ప్రశ్న: సెన్సర్ రీడింగులను సార్ట్ చేస్తే ఒక్కోసారి వరుస తప్పుతోంది. చిన్న తేడాలు పట్టించుకోనక్కర్లేదని, 0.5 లోపు తేడా ఉంటే రెండూ సమానమే అని పోలిక ఫంక్షన్‌లో రాశాను. లైబ్రరీలో బగ్ ఉందా మేడమ్? రెండు రోజులుగా ఇదే టెన్షన్.
(ప్రోగ్రామర్)

జవాబు: లైబ్రరీని అనుమానించకండి. మీ ఫంక్షన్‌కు 1.0, 1.4, 1.8 ఇచ్చి చూడండి. 1.0, 1.4 సమానమంటుంది. 1.4, 1.8 సమానమంటుంది. 1.0, 1.8 మాత్రం సమానం కాదంటుంది. సార్టింగ్ పద్ధతి ప్రతి జంటనూ పోల్చదు, పోల్చితే పని తెమలదు. మొదటిది రెండోదానితో, రెండోది మూడోదానితో సమానమైతే మొదటిదీ మూడోదీ కూడా సమానమే అని నమ్మి ముందుకు పోతుంది. ఆ నమ్మకాన్ని మీ 0.5 దెబ్బతీసింది. ముందు ప్రతి రీడింగునూ దగ్గర్లోని అరకు (1.0, 1.5, 2.0 ఇలా) సవరించి, సవరించిన అంకెలను మామూలుగా పోల్చండి. సరిపోతుంది.

రీడింగు రానిచోట ఏం పెడుతున్నారో కూడా చూడండి. నాన్ (NaN, అంటే ‘అంకె కాదు’) అనే గుర్తు ఉంటే, అది 5 కన్నా చిన్నదా అంటే కాదంటుంది, పెద్దదా అంటే కాదంటుంది, తనకు తాను సమానమా అన్నా కాదంటుంది. కంప్యూటర్లు దశాంశ అంకెలను ఎలా దాచాలో చెబుతూ 1985లో వచ్చిన ఫ్లోటింగ్ పాయింట్ ప్రమాణంలో ఉన్న నియమమే అది. సార్ట్ చేసేముందు వాటిని తీసి విడిగా పెట్టుకోండి.

మీ టెన్షన్ నాకు తెలుసు. ఒకసారి 64 మంది పిల్లల మార్కుల షీట్‌లో, రోల్ నంబర్ల నిలువు వరుసను ఎంచుకోకుండా మార్కుల నిలువు వరుస ఒక్కదాన్నే ఎంచుకుని సార్ట్ చేశాను. పేర్లు కదల్లేదు, మార్కులు కదిలాయి. సేవ్ చేసి మూసేశాను కూడా. రాత్రి మళ్లీ తెరిచినప్పుడు మొదటి రోల్ నంబరు పక్కన 98, దాని కింద 97, మళ్లీ 97, తర్వాత 95 కనిపించాయి. రోల్ నంబరు పెరిగేకొద్దీ మార్కులు అంత బుద్ధిగా ఎందుకు దిగుతాయి? గుండె ఝల్లుమంది. ఒక పిల్లవాడి కష్టం ఇంకొకరి పేరు పక్కన పడింది. వెనక్కి వెళ్లే దారి లేదు, జవాబు పత్రాల కట్ట విప్పి 64 మార్కులూ మళ్లీ ఎక్కించాను, తెల్లవారింది. అప్పట్నుంచి ఏ షీట్ తెరిచినా ముందు ఒక కొత్త నిలువు వరుస చేర్చి 1, 2, 3 అని చివరిదాకా నంబర్లు వేస్తాను, మొత్తం పట్టికను ఎంచుకున్నాకే సార్ట్ నొక్కుతాను. పట్టిక ఎన్నిసార్లు కలగాపులగమైనా ఆ నంబర్లతో సార్ట్ చేస్తే మొదటికొస్తుంది. మీరూ చేయండి.

ప్రశ్న: నాలుగు డిజైన్లకు ఒకటి నుంచి నాలుగుదాకా ర్యాంకులివ్వమంటున్నారు. బరువు తగ్గాలి, లోడ్ వేస్తే వంగడమూ తగ్గాలి. ఎలా ఇవ్వాలి?
(డిజైన్ ఇంజినీరు)

జవాబు: మీరు పంపిన అంకెలే పాఠకుల కోసం: డిజైన్ ‘అ’ 10 కిలోలు, 4 మిల్లీమీటర్ల వంపు. ‘ఆ’ 12 కిలోలు, 3 మిల్లీమీటర్లు. ‘ఇ’ 13 కిలోలు, 5 మిల్లీమీటర్లు. ‘ఈ’ 9 కిలోలు, 6 మిల్లీమీటర్లు.

‘ఇ’ రెండింట్లోనూ ‘అ’ కంటే వెనకబడింది, దాన్ని తీసేయండి. మిగిలిన మూడింటిలో ఏదీ ఇంకోదానికన్నా రెండు విధాలా మెరుగు కాదు. ఆర్థికవేత్త పరేటో పేరు మీద ఇలాంటివాటిని పరేటో సమూహం అంటారు. ర్యాంకు కావాలంటే ఒక మిల్లీమీటరు వంపును ఎన్ని కిలోలతో సమానం చేస్తారో చెప్పాలి. 0.2 కిలో అంటే ‘ఈ’ మొదటిది. 1 కిలో అంటే ‘అ’ మొదటిది. 3 కిలోలంటే ‘ఆ’ మొదటిది. కూడి చూసుకోండి. ర్యాంకులడిగినవారికి ఈ మూడు పేర్లూ ఇచ్చి, మిల్లీమీటరు విలువ వారినే చెప్పమనండి. ఆ అంకె మీరే లోపల్లోపల ఎంచుకుని ర్యాంకుల జాబితా ఇవ్వడం నాకు న్యాయంగా తోచదు.

ప్రశ్న: మెషీన్ లెర్నింగ్ నేర్చుకోవాలనుంది. సాయంత్రం అలసిపోయి చదవడానికి కూర్చుంటాను. ముందు ఏది చదవాలని పదిమందిని అడిగితే పది వరుసలు చెప్పారు. ఏది నమ్మాలి మేడమ్?
(ఉద్యోగం చేస్తూ చదువుకుంటున్న పాఠకుడు)

జవాబు: పదీ సరైనవే కావచ్చు. మీరు పంపిన జాబితాలో ఏడున్నాయి: కలన గణితం, ప్రస్తారాలు–సంయోగాలు, మాత్రికలు, పైథాన్, సంభావ్యత, రిగ్రెషన్, మెషీన్ లెర్నింగ్. ఒక్కోదాన్ని ఒక్కో చీటీ మీద రాయండి. ఏది రాకపోతే ఏది అర్థం కాదో అక్కడ మాత్రమే బాణం గీయండి. నేనైతే సంభావ్యతకు మొదటి రెండింటి నుంచి గీస్తాను. రిగ్రెషన్‌కు మాత్రికల నుంచి, సంభావ్యత నుంచి. మెషీన్ లెర్నింగ్‌కు రిగ్రెషన్ నుంచి, పైథాన్ నుంచి.

ఏడు చీటీలను 5040 రకాలుగా వరుసలో పెట్టొచ్చు. ఏ బాణమూ ఎదురు తిరగకుండా పెట్టగలిగేవి 48. మీకు చెప్పిన పదీ ఆ 48లోవేనేమో చూసుకోండి. పద్ధతి తేలిక, 1962లో కాన్ అనే ఆయన ప్రచురించారు: తనలోకి బాణం రాని చీటీని తీసుకోండి, చదవడం అయ్యాక దాన్నుంచి బయల్దేరే బాణాలు చెరిపేయండి, మళ్లీ బాణం రాని చీటీ కోసం చూడండి. చీటీలు మిగిలి ఉండగానే అలాంటిది దొరక్కపోతే, మీరు గీసిన బాణాల్లో ఎక్కడో చుట్టు తిరిగింది. అక్కడ ఒక బాణం అనవసరంగా గీశారని అర్థం.

ఇవాళ మీ ముందు బాణం రాని చీటీలు నాలుగున్నాయి. సాయంత్రం అలసిపోయి కూర్చుంటారన్నారు కాబట్టి, చేత్తో చేస్తూ వెంటనే ఫలితం చూసుకోగలిగే పైథాన్ చీటీ ముందు తీయండి.