రోజూ గ్రీజు కొడుతున్నా బేరింగ్ ఎందుకు వేడెక్కుతోంది?

మీ రైస్ మిల్లులో బ్లోయర్ బేరింగ్ మూడు నెలలకోసారి పోతోందని, రోజూ గ్రీజు కొడుతున్నా హౌసింగ్ (బేరింగ్ కూర్చునే ఇనుప గూడు) మీద చెయ్యి పెట్టలేకపోతున్నామని రాశారు. ఆ ‘రోజూ’ అన్న మాట దగ్గరే నా అనుమానం. ముందు కొట్టడం ఆపండి.

పదిహేనేళ్లుగా మిల్లుల్లో మెయింటెనెన్స్ చేస్తున్నాను. మొదట్లో నాదీ ఇదే అలవాటు. ఒక సీజన్‌లో వడ్ల లారీలు గేటు బయట బారులు తీరి ఉండగా బ్లోయర్ బేరింగ్ జామ్ అయింది. విప్పి చూస్తే హౌసింగ్ నిండా గ్రీజే. అంచుల్లో పచ్చగా, మెత్తగా బాగానే ఉంది. రోలర్ల మధ్య మాత్రం తారులా నల్లబడి, వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది. లోపలి రేసు, అంటే రోలర్లు దొర్లే ఉక్కు రింగు, నీలం రంగుకు తిరిగింది. అంత గ్రీజు ఉండి కూడా నూనె అందక పోయిన బేరింగ్ అది.

గ్రీజులో పని చేసేది నూనె. చిక్కదనం కోసం అందులో కలిపే సబ్బు దాన్ని స్పాంజిలా పట్టి ఉంచుతుంది, అంతే. రోలరుకీ రేసుకీ మధ్య నిలిచే నూనె పొర చాలాసార్లు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కూడా ఉండదు. అంత పలచటి పొర బరువు మోస్తుందంటే నమ్మబుద్ధి కాదు. 1883లో బ్రిటన్‌లో టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసు బుష్‌ని పరీక్షిస్తూ, నూనె పోయడానికని పైన రంధ్రం వేస్తే, లోపలి నూనే పైకి తన్నుకొచ్చింది. చెక్క బిరడా కొడితే దాన్నీ బయటికి నెట్టేసింది. మనది రోలర్ బేరింగ్ కాబట్టి లెక్క వేరు, కానీ ఇక్కడా లోహాన్ని లోహానికి తగలకుండా ఆపేది ఆ పొరే. హౌసింగ్ నిండా గ్రీజు కుక్కితే రోలర్లు దాన్ని చిలుకుతూ వేడెక్కుతాయి, వేడికి నూనె పలచబడుతుంది, పొర తెగుతుంది, రాపిడితో వేడి ఇంకా పెరుగుతుంది. 70 డిగ్రీలు దాటాక ప్రతి 15 డిగ్రీలకీ గ్రీజు ఆయుష్షు సగానికి పడిపోతుంది.

ఎంత కొట్టాలి? బేరింగ్ బయటి వ్యాసాన్ని వెడల్పుతో గుణించి (రెండూ మిల్లీమీటర్లలో), 0.005తో గుణిస్తే గ్రాములు వస్తాయి. 22216 నంబరు బేరింగ్‌కి వ్యాసం 140, వెడల్పు 33 కాబట్టి సుమారు 23 గ్రాములు. మీ గ్రీజు గన్‌ని పదిసార్లు కాగితం మీద నొక్కి తూచండి, ఒక నొక్కుకి ఎంత వస్తుందో తేలిపోతుంది. పాత గ్రీజు బయటికి పోయేలా డ్రెయిన్ ప్లగ్ తీసి, మిషన్ నడుస్తుండగా నిదానంగా కొట్టండి. తర్వాత కొన్ని గంటలు వేడి పెరుగుతుంది, టెన్షన్ పడొద్దు. మర్నాటికీ దిగకపోతే మాత్రం విప్పాల్సిందే.

వేడిని చేత్తో చూడటం మానేయండి. థర్మామీటర్ గన్ కొని, హౌసింగ్ మీద నల్ల పెయింట్‌తో ఒక చుక్క పెట్టి రోజూ ఒకే వేళకి అక్కడే చూడండి. మెరిసే లోహం మీద ఆ గన్ తక్కువ చూపిస్తుంది, పెయింట్ చుక్క అందుకే. పక్కనే ఆ వేళ బయటి వేడి కూడా రాయండి. మే నెలలో 44 డిగ్రీల ఎండలో 70 చూపిస్తే తేడా 26. డిసెంబరు తెల్లవారుజామున బయట 20 ఉన్నప్పుడు 60 చూపిస్తే తేడా 40. నేనైతే ఆ డిసెంబరు బేరింగ్‌కే భయపడతాను.

ఇంకో సంగతి, ఊక దుమ్ము. ఊకలో సిలికా ఎక్కువ. చిరిగిన ఆయిల్ సీల్ గుండా లోపలికి పోతే గరుకు కాగితంలా అరగదీస్తుంది. గ్రీజు ఎక్కించే నిపుల్ తుడవకుండా గ్రీజు గన్ పెడితే ఆ దుమ్ముని మనమే లోపలికి నెట్టినట్టు. గ్రీజు కంపెనీ మార్చారా? లిథియం గ్రీజులో పాలీయూరియా గ్రీజు కలిపితే చాలాసార్లు నీళ్లలా కారిపోతుంది. అలా కలిసి ఉంటే పాతదంతా కడిగేసి కొత్తది వేయండి.

బేరింగ్ నంబరు, ఆర్‌పీఎం, గ్రీజు డబ్బా మీద రాసి ఉన్న గ్రేడు ఇక్కడ పెట్టండి. ఎన్ని రోజులకోసారి కొట్టాలో లెక్కకట్టి చెబుతాను.